అప్‌డేట్: మా అమ్మాయి జుట్టు స్ట్రెయిటెనింగ్ విషయం

పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి తన ఉంగరాల జుట్టును రసాయనాలతో సాపు చేయించుకుంటానని పట్టుబడుతోందని, ఒప్పుకోవాలా వద్దా అని నేను ఇంతకుముందు అడిగాను. ప్రస్తుతానికి వద్దనే నిర్ణయానికి వచ్చాము.

విజయనగరంలోనే ఒక సెలూన్‌కు ఇద్దరమూ వెళ్లి అడిగితే, తాము వాడే మందులో ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనం లేనే లేదని చెప్పారు. సీసా తిప్పి చూస్తే చిన్న అక్షరాలలో గ్లయాక్సిలిక్ ఆమ్లం అని ఉంది. జుట్టుకు పట్టించి బాగా వేడి చేసినప్పుడు దాని నుంచి ఫార్మాల్డిహైడ్ వెలువడుతుందని, ఆ వాయువును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే క్యాన్సర్ కారకంగా నిర్ధారించిందని చదివి ఉన్నాను కాబట్టి అక్కడితో లేచి వచ్చేశాము.

నిజం చెప్పాలంటే, మా అమ్మాయి మనసు మార్చింది క్యాన్సర్ మాట కాదు. మందు పట్టించిన జుట్టే సాపుగా ఉంటుందని, నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున కుదుళ్ల దగ్గర వచ్చే కొత్త జుట్టు మళ్లీ ఉంగరాలు తిరిగే వస్తుందని చెప్పగానే, వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టి, "అయితే పరీక్షల నాటికి పైన ఉంగరాలు, కింద చీపురుపుల్లలా అమ్మా?" అంది. ఆ జుట్టు తమ ఇంటి పోలికని మురిసిపోయే మా అత్తగారు మాత్రం ఈ చర్చంతా తనను తప్పుపట్టడానికే అనుకున్నారు.

పదో తరగతి పూర్తయ్యాక మళ్లీ మాట్లాడుకుందామని ఒప్పందం. ఈలోగా వెడల్పు పళ్ల దువ్వెన కొన్నాము. తడి జుట్టునే చిక్కు తీసుకుంటోంది.