చెన్నైలో లీజు ఇల్లు: పైవాళ్ల బాత్రూమ్ లీకేజీకి ఖర్చు ఎవరిది?

ప్రశ్న: మూడు వాటాల ఇల్లు, ముగ్గురమూ లీజే (ఒకేసారి పెద్ద డిపాజిట్ ఇచ్చి, నెల అద్దె లేకుండా ఉండటం). పైవాటా బాత్రూమ్ కింద మా స్లాబు చెమ్మగిల్లింది. ఓనరు ‘మీరూ మీరూ చూసుకోండి’ అంటున్నారు.

జవాబు 1: ముందు లీకు ఎక్కడో తేల్చండి, ఖర్చు సంగతి తర్వాత. పైన డ్రెయిన్‌కు గుడ్డ బిగించి, రంగు కలిపిన నీళ్లు అంగుళం ఎత్తున 24 గంటలు నిలపండి. కింద రంగు దిగితే టైల్స్ సందులోనో, ట్రాప్ (డ్రెయిన్ జాలీ కింద నీళ్లు నిలిచే గిన్నె) చుట్టూనో లోపం. దిగకపోతే ట్యాంకు వాల్వు కట్టేసి చూడండి. చెమ్మ ఆరితే గోడలోని పైపే.

జవాబు 2: తమిళనాడు 2017 అద్దె చట్టం రెండో షెడ్యూల్లో స్లాబు లాంటి కట్టడపు మరమ్మతులు, పైపులు మార్చడం ఓనరు బాధ్యత, కుళాయి వాషర్లు, డ్రెయిన్ శుభ్రం అద్దెదారువి. ఒప్పందంలో వేరేలా రాసుకున్నారేమో చూడండి.

జవాబు 3: లీజులో నెలనెలా అద్దె ఉండదుగా, రిపేరు ఖర్చు అందులో కోసుకోవడానికేమీ లేదు. అసలు చిక్కు అదే! ఫొటోలు, ప్లంబరు ఎస్టిమేటు జోడించి స్పీడ్ పోస్టులో నోటీసివ్వండి. ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా సొంత డబ్బు పెట్టకండి.