పాత పినో న్వార్: రంగు మారింది, అడుగున మడ్డి ఉంది, పాడైనట్టేనా?

ప్రశ్న:
మా బాబాయి ఏళ్ల తరబడి దాచుకున్న రెడ్ వైన్ సీసా ఒకటి నాకిచ్చారు. లేబుల్ మీద జెవ్రే-షాంబర్తాన్, 1999 అని ఉంది. ఇది పినో న్వార్ అనే ద్రాక్షతో చేసిందని ఆయన అంటారు గానీ ఆ మాట సీసా మీద ఎక్కడా లేదు. లైటుకు ఎదురుగా పెట్టి చూస్తే మెడ దగ్గర ఎరుపు పోయి ఇటుక రంగు కనిపిస్తోంది, అడుగున మడ్డి పేరుకుంది. ఒకసారి తెరిస్తే మళ్లీ దాచుకునేది కాదు కదా, చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
బాబాయిగారి మాట నిజమే. ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో లేబుల్ మీద ద్రాక్ష పేరు కన్నా ఊరి పేరు, తోట పేరే ముఖ్యం. జెవ్రే-షాంబర్తాన్ రెడ్ అంటే పినో న్వారే. అసలు ఆ ఊరు ఉత్త జెవ్రే, షాంబర్తాన్ అక్కడి పేరుమోసిన తోట, 1847లో దాని పేరు ఊరికి కలిపారు. రంగుకు భయపడకండి, ఈ ద్రాక్షకు తొక్క పలచన, మొదటినుంచీ రంగు తక్కువే, వయసొస్తే ఇటుక రంగుకు దిగుతుంది. మడ్డి అంటారా, రంగు, వగరు ఇచ్చే పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి కిందికి దిగినవే.

జవాబు 2:
ఆ నేల కథ కూడా తెలుసుకుని తాగండి. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ ద బోల్డ్, విరగకాసే గామే అనే మరో రకం ద్రాక్ష తీగల్ని పీకేయమని ఆజ్ఞ ఇచ్చాడు, పినో నిలబడటానికి అదొక కారణం. అంతకుముందే, 1098లో మొదలైన సీటో మఠం సన్యాసులు అక్కడ తోటలు పెంచారు. జెవ్రే-షాంబర్తాన్‌కు కాస్త దక్షిణాన వాళ్ల క్లో ద వూజో తోట ఇప్పటికీ ఉంది, చుట్టూ రాతిగోడ, లోపల సుమారు 50 హెక్టార్లు. ఫ్రెంచి విప్లవంలో మఠం నుంచి లాక్కుని అమ్మేశాక అది ముక్కలవుతూ వచ్చి ఇప్పుడు 80 మంది దాకా యజమానుల చేతుల్లో ఉంది. ఒకే గోడ లోపల ఒకరి వైన్ అద్భుతం, పక్కవాళ్లది మామూలు! అందుకే నేను ఊరి పేరు కన్నా తయారుచేసినవాళ్ల పేరే ముందు చూస్తాను.

జవాబు 3:
తెరిచే ముందు ఒక రోజంతా సీసాను నిలబెట్టి ఉంచండి, మడ్డి అడుక్కి చేరుతుంది. పాత కార్క్ పొడైపోతుంది, మర తిప్పేది కాకుండా రెండు రేకులు పక్కలనుంచి దిగే ఓపెనర్ వాడండి. మెడ కింద లైటు పెట్టుకుని నెమ్మదిగా ఒంపుతూ, మడ్డి మెడ దాకా రాగానే ఆపేయాలి. గంటల తరబడి గాలికి వదలొద్దు, ఇంత వయసున్న వైన్ వాసన తొందరగా పోతుంది. వెనిగర్ వాసనో తడిసిన అట్టపెట్టె వాసనో వస్తే మాత్రం పాడైనట్టే.

ప్రశ్న అడిగినవారు:
నిన్న రాత్రి బాబాయితో కూర్చుని తెరిచాను. కార్క్ సగంలో విరిగింది, మిగతాది మెల్లగా లాగాం. మొదట తడిమట్టి వాసన ఒక్కటే, ఇద్దరికీ మొహాలు వాడిపోయాయి. ఇరవై నిమిషాలకు ఎండిన చెర్రీ, పుట్టగొడుగు, వానకు నానిన ఆకుల వాసన ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వగరు దాదాపు లేదు, పులుపు మాత్రం ఇంకా చురుగ్గా ఉంది. బాబాయి చాలాసేపు గ్లాసు వాసన చూస్తూనే ఉన్నారు, తాగలేదు.