సైఫన్ పంపు లేకుండా బీర్‌ని రెండో పాత్రలోకి ఎలా మార్చాలి?

ఇంట్లో బీర్ చేసేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. పేల్ ఏల్ అనే రకం బీర్ ఒకటి ప్లాస్టిక్ బకెట్‌లో పులుస్తోంది, మొదటి దశ దాదాపు అయిపోయినట్టే, పైన నురుగంతా దిగిపోయింది, హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత కొలిచేది) ఎప్పుడు చూసినా 1.012 దగ్గరే ఆగుతోంది. ఇప్పుడు దీన్ని గాజు కార్బాయ్‌లోకి (సన్నమూతి పెద్ద సీసా) మార్చి, హాప్స్ (బీర్‌కి చేదు, వాసన ఇచ్చే పూలు) వేసి కొన్నాళ్లు ఉంచాలని ఉంది. చిక్కల్లా బకెట్‌కి కుళాయి లేదు, ఆటో సైఫన్ (ద్రవాన్ని తోడే చేతిపంపు) లేదు. ఉన్నదల్లా ఒక సన్నటి సిలికాన్ ట్యూబు, బీర్ సామాను శుభ్రం చేసే శానిటైజర్ ద్రావణం.

వంచి పోసేయొచ్చు కదా అంటారేమో, అది మాత్రం చేయను. పులిసిన తర్వాత బీర్‌కి గాలి తగిలితే తడిసిన అట్టముక్క రుచి వస్తుంది, పైగా అడుగునున్న మడ్డంతా లేచిపోతుంది. నోటితో పీల్చడం కూడా ఇష్టం లేదు, నోట్లోని బ్యాక్టీరియా అందులోకి పోతే ఇంత కష్టమూ వృథా. అందుకే బకెట్‌ని బల్ల మీద పెట్టి, ట్యూబుని శానిటైజర్‌తో నింపి, రెండు చివర్లూ వేళ్లతో మూసి, ఒకటి బీర్‌లో ముంచి, రెండోది కిందికి దించి, ముందు వచ్చే శానిటైజర్ వేరే గిన్నెలో పట్టేసి, బీర్ రంగు కనిపించగానే చివరని కార్బాయ్ అడుగుదాకా దించుదామనుకుంటున్నా.

ఇది ఒక్కరే చేయగలిగే పనేనా? ట్యూబు చివర మడ్డిలోకి దిగకుండా దేనికి కడతారు? కార్బాయ్‌లో పైన ఖాళీ మిగిలితే ఏం చేస్తారు, నీళ్లు కలిపితే పలచబడుతుంది కదా? అసలు మార్చకుండా అదే బకెట్‌లో హాప్స్ వేసి, నేరుగా సీసాల్లోకి ఎక్కించినవాళ్లుంటే రుచిలో తేడా తెలిసిందో లేదో చెప్పండి, ఈ వారంలోనే ఏదో ఒకటి తేల్చుకోవాలి.