చర్చ: 121 ఓటములు... 2024 వైట్ సాక్స్‌కి లెక్క ఎక్కడ తప్పింది?

కర్వ్‌బాల్_కాకినాడ
అమెరికా బేస్‌బాల్ టీమ్ చికాగో వైట్ సాక్స్ 2024లో 41 గెలిచి 121 ఓడింది. 1900 తర్వాత ఒక్క సీజన్‌లో ఇన్ని ఓడిన టీమ్ ఇంకోటి లేదు. పిచింగ్ (బంతి వేయడం) వల్లే మునిగిందని కొందరు, దరిద్రం పట్టిందని కొందరు అంటున్నారు. అంకెలు తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

రన్‌లెక్క
ముందు రన్స్ చూడండి. కొట్టినవి 507, ఇచ్చినవి 813. రెంటినీ సీజన్‌లోని 162 గేములతో భాగిస్తే గేమ్‌కి 3.13 కొట్టి 5.02 ఇచ్చారు. ఆ ఏడాది మేజర్ లీగ్ సగటు 4.39. అంటే కొట్టడంలో గేమ్‌కి 1.26 తక్కువ, ఇవ్వడంలో 0.63 ఎక్కువ. లోటులో మూడింట రెండొంతులు బ్యాట్లదే. పిచర్లని తిట్టేవాళ్లు తప్పు గుమ్మం ముందు నిలబడ్డారు.

టీమ్ బ్యాటింగ్ సగటు 0.221, ఆన్‌బేస్ 0.278. రెండో అంకె అసలు జబ్బు చెప్తుంది. వంద మంది క్రీజులోకొస్తే బేస్ మీదికి చేరేది 28 మంది కూడా కాదు. బేస్‌లు ఖాళీగా ఉన్నప్పుడు హోమర్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) కొట్టినా ఒక్క రనే.

సెకండ్‌బేస్_సత్తి
507, 813 పెట్టి పైథాగరస్ లెక్క (రన్స్‌ని బట్టి రావాల్సిన గెలుపుల అంచనా) వేస్తే 45 గెలుపులు వచ్చాయి. ఇంకో చోట 48 అని ఉంది. నా దగ్గర ఏం తప్పు?

రన్‌లెక్క
తప్పేం లేదు సత్తి గారూ, ఘాతం తేడా. మీరు వర్గం తీసుకున్నారు: 507ని 507తో గుణిస్తే 2,57,049. 813ని 813తో గుణిస్తే 6,60,969. మొదటిదాన్ని రెండిటి మొత్తం 9,18,018తో భాగిస్తే 0.28, దాన్ని 162తో గుణిస్తే 45. వర్గం బదులు 1.83 ఘాతం పెడితే 48 వస్తుంది, అసలు ఫలితాలకి ఎక్కువగా దగ్గరపడేది ఇదే. 48 రావాల్సింది 41 వచ్చాయి కాబట్టి దరిద్రం ఖాతాలో ఏడు గేములు వేయొచ్చు. మిగతా 114 ఓటములూ కష్టార్జితమే.

బుల్‌పెన్_బాబాయ్
పిచర్లకి మరీ క్లీన్‌చిట్ ఇవ్వకండి. వీళ్ల పిచర్ గారెట్ క్రోషే సీజన్ తీసుకోండి: 32 స్టార్ట్‌లు (గేమ్ మొదటి నుంచీ తనే వేసినవి), 146 ఇన్నింగ్స్, 209 స్ట్రైకౌట్లు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఖాతాలో పడే రన్స్) 3.58. చూడ్డానికి భేషుగ్గా ఉంది. కానీ 146ని 32తో భాగిస్తే స్టార్ట్‌కి తొమ్మిదిలో నాలుగున్నర ఇన్నింగ్స్. 2022లో మోచేతికి టామీ జాన్ సర్జరీ (లిగమెంట్ మార్పిడి) అయింది, అంతకుముందు మేజర్స్‌లో రిలీవరే (మధ్యలో దిగే పిచర్) తప్ప స్టార్టర్ కాదు. అందుకని సీజన్ రెండో సగంలో నాలుగు ఇన్నింగ్స్‌కే దించేసేవాళ్లు. స్టార్టర్ ఖాతాలో గెలుపు పడాలంటే కనీసం అయిదు వేయాలి. అతని 6-12 (6 గెలుపులు, 12 ఓటములు) చూసి పిచర్‌ని తూకం వేయొద్దు.

ఆ లోటు పూడ్చాల్సింది బుల్‌పెన్, అంటే రిలీవర్ల బృందం. 26 మంది జట్టులో పిచర్లు 13కి మించకూడదు. ముగ్గురు నలుగురు రిలీవర్లు ఒకేరోజు వాడేస్తే మర్నాటికి చేతులుండవు. ఒకణ్ణి మైనర్స్‌కి (కింది స్థాయి లీగ్‌కి) పంపి తాజా చేతిని తెచ్చుకోవాలి. ఇక్కడే మెలిక: పంపిన పిచర్‌ని 15 రోజుల దాకా వెనక్కి పిలవకూడదు (ఎవరైనా గాయపడితే తప్ప), ఒకే ఆటగాణ్ణి సీజన్‌లో అయిదుసార్లకి మించి పంపకూడదు. మంచి స్టార్టర్ నాలుగు ఇన్నింగ్స్‌కే దిగిపోతే ఆ బిల్లు మర్నాడు కట్టాలి.

సెకండ్‌బేస్_సత్తి
జూలై 30 ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) గడువులోగా అమ్మేసుకోవడం వల్ల కదా మునిగింది? ఫెడ్డీ, కోపెక్, ఫామ్, హిమెనెజ్... అందరూ వెళ్లిపోయారు.

కర్వ్‌బాల్_కాకినాడ
తేదీలు కలవట్లేదు. మొదలే 3-22. జూలై మధ్యలో వచ్చే ఆల్‌స్టార్ విరామానికి 27-71, అదే వేగంతో పోయినా 45 గెలుపులు దాటవు. 21 వరస ఓటములు జూలై 10నే మొదలయ్యాయి, ఆగస్టు 6న ఓక్లాండ్ మీద 5-1తో తెగాయి. 1988 ఒరియోల్స్ పేరిట ఉన్న అమెరికన్ లీగ్ రికార్డుతో సమం. రెండు రోజులకి మేనేజర్ గ్రిఫోల్‌ని పంపేసి సైజ్‌మోర్‌కి తాత్కాలికంగా అప్పగించారు. ట్రేడ్లు రెండో సగాన్ని 14-50కి తోశాయి, నిజమే. పునాది అప్పటికే కుంగిపోయింది.

బుల్‌పెన్_బాబాయ్
గాయాలూ కలపండి. మొన్‌కాడా ఆడినవి 12 గేములు, లూయిస్ రాబర్ట్ 100. అయితే ఆ వందలో రాబర్ట్ సగటు 0.224, కాబట్టి అతను పూర్తిగా ఆడుంటే అన్న వాదన నిలబడదు.

సెంట్రల్_డివిజన్_సీను
దీని ప్రభావం పక్క టీములమీద ఎలా పడిందో చూడండి. డివిజన్‌లో ఒక్కో టీమ్‌తో 13 గేములు. రాయల్స్ వీళ్లమీద 12-1. మొత్తం 86-76తో ప్లేఆఫ్స్‌కి పోయారు. ఈ 13 తీసేయండి: 74-75! పట్టికలో అడుగు టీమ్‌ని ఎవరు ఎంత పిండుకున్నారన్నది చూడకుండా వైల్డ్‌కార్డ్ (డివిజన్ గెలవని టీములకి దక్కే ప్లేఆఫ్ చోటు) లెక్కలు వేయొద్దు.

రన్‌లెక్క
ఒక జాగ్రత్త. దీన్ని "అన్నిటికంటే చెత్త సీజన్" కాదు, "అత్యధిక ఓటములు" అనండి. 1962 మెట్స్ 40-120, అంటే గెలుపు నిష్పత్తి 0.250. వైట్ సాక్స్ 0.253. 1916 అథ్లెటిక్స్ 36-117తో 0.235. అప్పట్లో గేములే తక్కువ.

సెకండ్‌బేస్_సత్తి
పోనీ, ఇంత ఓడినందుకు డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) మొదటి పిక్ అయినా వచ్చిందా?

సెంట్రల్_డివిజన్_సీను
అదీ లేదు. మొదటి ఆరు పిక్‌లు లాటరీ. ఆదాయం పంపకంలో డబ్బు ఇచ్చే పెద్ద మార్కెట్ టీమ్‌కి వరసగా రెండేళ్లు లాటరీ పిక్ రాదు. వీళ్లు 2024లో 5వది తీసుకున్నారు. అందుకని 2025లో పదో స్థానం కంటే పైకి రానివ్వలేదు. సరిగ్గా పదోదే తీసుకున్నారు.