డాల్ఫిన్ ఫైబర్ బానెట్: పాతది అతికించాలా, అచ్చు తీసి కొత్తది వేయించాలా?

కోటగుమ్మం

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. మావయ్య గారి షెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉన్న సిపానీ డాల్ఫిన్‌ని మళ్ళీ రోడ్డెక్కించే పనిలో ఉన్నాను. 1984 రిజిస్ట్రేషన్. తెలియని వాళ్ళ కోసం: ఇంగ్లండ్‌లోని రిలయంట్ కంపెనీ కిటెన్ కారు డిజైన్ తీసుకుని, బెంగళూరులో సిపానీ వాళ్ళు 1982 నుంచి తయారుచేసిన రెండు తలుపుల చిన్న కారు ఇది. 848 సీసీ ఇంజన్, కింద ఇనుప ఛాసీ, పైన ఫైబర్ బాడీ, అంటే గాజు నారని రెజిన్ అనే జిగురు ద్రవంతో కలిపి గట్టిపరిచినది. మారుతి 800 వచ్చాక జనం దీన్ని దాదాపు మర్చిపోయారు.

ఇంజన్, ఛాసీ బాగానే ఉన్నాయి. సమస్యంతా బానెట్‌తోనే. ఎడమ హింజ్ నుంచి మధ్య దాకా చీలిపోయింది. ఒక మూల ముక్క ఊడిపోయింది, అదృష్టవశాత్తూ ముక్క దొరికింది. పైన అంతా సన్నటి పగుళ్ళు. హెడ్‌లైట్ కింద ముక్కు భాగంలో ఎవరో ఎప్పుడో పుట్టీ దట్టించి రంగు కొట్టేశారు, అదీ పగులుతోంది.

మూడు మాటలు వినిపిస్తున్నాయి. పాత బానెట్‌నే బాగుచేయమని ఒకరు. బెంగళూరులో ఒక డాల్ఫిన్ ఓనర్ గారు తన బానెట్ కొన్నాళ్ళు ఇస్తానన్నారు, దాని మీద అచ్చు తీసి పూసపాటిరేగ వైపు ఫైబర్ తెప్పలు చేసేవాళ్ళతో కొత్తది వేయించమని ఇంకొకరు. ఈ గొడవంతా ఎందుకు, రేకుతో చేసేస్తానని మా డెంటర్. మీరేమంటారు? కారణాలతో చెప్పండి.

రేకుపని

తమ్ముడూ, రేకుకే నా ఓటు. 20 గేజ్ సీఆర్ షీట్ (పల్చటి ఉక్కు రేకు) ఎక్కడైనా దొరుకుతుంది. మన దగ్గర మంచి డెంటర్లున్నారు. రేపు ఏ ఆటోనో తగిలి సొట్ట పడినా సుత్తితో సరిచేసుకోవచ్చు. ఫైబర్ పగిలితే మళ్ళీ మనిషి కోసం వెతుక్కోవాలి. పైన రంగు పడ్డాక లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది?

నాగావళి ఒడ్డు

రేకు మాట నేను ఒప్పుకోను. ఫైబర్ బండికి ఫైబరే ఉండాలి. కానీ నలభై ఏళ్ళ బానెట్‌ని అతుకులేసి నిలబెట్టడం కూడా దండగే. అచ్చు తీయండి.

నేను పుట్టి పెరిగింది కళింగపట్నం దగ్గర. మా తీరంలో చెక్క తెప్పల స్థానంలో ఫైబర్ బోట్లు రావడం కళ్ళారా చూశాను. 2018లో తిత్లీ తుపాను తర్వాత దెబ్బతిన్న బోట్లను మా వాళ్ళే బాగుచేసుకున్నారు. రెజిన్ ఎప్పుడు గట్టిపడుతుందో చేత్తో ముట్టుకుని చెప్పగలిగే మనుషులు వాళ్ళు. పడవలు చేసేవాళ్ళకి కారు పని రాదని ఎవరూ అనొద్దు. అమెరికాలో 1964లో ఫైబర్ బీచ్ బగ్గీ చేసి పేరు తెచ్చుకున్న బ్రూస్ మేయర్స్ పడవలు కట్టే పని నుంచి వచ్చినవాడే.

పద్ధతి చెబుతాను. ఇచ్చిన బానెట్‌కి రిలీజ్ వ్యాక్స్ (అచ్చు అతుక్కోకుండా పూసే మైనం) చాలాసార్లు పట్టించి, పైన అందుకే వాడే పీవీఏ ద్రవం పొర వేసి ఆరనివ్వాలి. తర్వాత జెల్‌కోట్ (పైకి కనబడే నున్నటి రెజిన్ పొర), దాని మీద మ్యాట్ (గాజు నార పరుపు) పొరలు. బానెట్ మందం కన్నా అచ్చు కనీసం రెట్టింపు ఉండాలి, వెనక చెక్కతోనో పైపుతోనో పక్కటెముకలు కట్టాలి. లేకపోతే తీసేటప్పుడు వంకర పోతుంది. అచ్చు ఒక్కసారి కుదిరితే ఎన్ని బానెట్లయినా తీయొచ్చు. మిగతా డాల్ఫిన్ వాళ్ళకీ పనికొస్తుంది.

చీపురుపల్లి గ్యారేజ్

ఫైబర్ బాడీల పని చాలాకాలంగా చేస్తున్నాను. పాత బానెట్‌నే బాగుచేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

ముందు రేకు సంగతి. 20 గేజ్ అంటే 0.9 మిల్లీమీటర్ల మందం. చదరపు మీటరుకి సుమారు 7 కిలోలు. 3 మిల్లీమీటర్ల ఫైబర్ అదే కొలతకి నాలుగున్నర కిలోల లోపే. ఫైబర్ బాడీలో బిగించిన హింజ్‌లు ఆ తక్కువ బరువు కోసం పెట్టినవి. బరువైన బానెట్ ఎత్తి దించుతుంటే, గుంతల్లో కుదుపు తగులుతుంటే, హింజ్ పట్టుకున్న చోట కొత్త పగుళ్ళు మొదలవుతాయి. బానెట్ బాగుంటుంది, బాడీ పోతుంది.

ఇదే లెక్క తెప్పల పనికీ వర్తిస్తుంది. నాగావళి గారూ, మీ వాళ్ళ పనితనం మీద నాకు గౌరవముంది. కానీ అలలకి తట్టుకోవాలని దట్టంగా వేయడం వాళ్ళకి అలవాటు. బానెట్‌ని 5 మిల్లీమీటర్లు వేశారంటే చదరపు మీటరుకి 7 కిలోలు దాటుతుంది. రేకు వద్దనుకుని చేసిన పని రేకంత బరువూ తూగుతుంది. చదరపు మీటరుకి 450 గ్రాములు తూగే మ్యాట్ ఒక పొర దాదాపు ఒక మిల్లీమీటరు మందం ఇస్తుంది. కొత్తది వేయించినా మూడు పొరలు దాటనివ్వొద్దు, హింజ్, తాళం దగ్గర మాత్రం అదనపు పొర చాలు.

ఇక అసలు విషయం. అచ్చు అంటే దాని కింద ఉన్న వస్తువు ఎలా ఉంటే అలాగే వస్తుంది. చిన్న గీత ఉన్నా అచ్చులో దిగుతుంది, అందులోంచి తీసిన ప్రతి బానెట్‌లోనూ దిగుతుంది. కాబట్టి అచ్చుకి ముందు ఎవరో ఒకరి బానెట్ నున్నగా తయారుకావాలి. మీ బానెట్‌నే అంత చక్కగా తయారుచేస్తే ఇక అచ్చెందుకు? పైగా ఇవి చేత్తో అమర్చిన బాడీలు. బెంగళూరు బండి బానెట్ మీ బండి సందుల్లో సరిగ్గా కూర్చుంటుందన్న భరోసా లేదు. పాలియెస్టర్ రెజిన్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది కూడా, అచ్చు తీసేటప్పుడు ఒకసారి, బానెట్ వేసేటప్పుడు ఇంకోసారి. అంచుల్లో ఆ తేడా కనబడుతుంది.

ఇంకో మాట. అరువు తెచ్చిన బానెట్ మీద రంగు కొత్తదైతే, వ్యాక్స్ ఎంత పూసినా జెల్‌కోట్‌లోని స్టైరీన్ అనే ద్రావకం ఆ రంగుని పొంగించే ప్రమాదముంది. అచ్చు అతుక్కుపోతే ఊడదీయడంలో ఆయన బానెట్టే పగలొచ్చు. మంచి మనసుతో వస్తువు ఇచ్చిన మనిషికి అది తిరిగి ఏ స్థితిలో చేరుతుందో ముందు ఆలోచించాలి.

కోటగుమ్మం

అన్నా, బరువు లెక్క చూశాక రేకు ఆలోచన మానుకున్నాను. కానీ ఇంత పెద్ద చీలికని అతికిస్తే నిలుస్తుందా? ఒకసారి పగిలింది మళ్ళీ అక్కడే పగలదా?

చీపురుపల్లి గ్యారేజ్

నిలుస్తుంది, అయితే పుట్టీతో కాదు. చీలిక మీద పుట్టీ పూస్తే అది కప్పుతుందే గానీ పట్టుకోదు. మీ ముక్కు భాగం పగులుతున్నదీ అందుకే. బలం గాజు నారలో ఉంది. విరిగిన నారకి రెండు వైపులా కొత్త నార తగినంత దూరం పరుచుకోవాలి.

అందుకు అంచుని వాలుగా అరగదీయాలి. మందానికి పన్నెండు రెట్ల వెడల్పు: 3 మిల్లీమీటర్ల బానెట్‌కి చీలిక నుంచి ఒక్కో వైపు 36 మిల్లీమీటర్లు. చాలామంది వేలి వెడల్పంత అరగదీసి ఆపేస్తారు, రెండు వర్షాకాలాలకి గీత మళ్ళీ పైకి తేలుతుంది.

అన్నిటికన్నా ముందు నూనె. బానెట్ కింది వైపు ఇంజన్ ఆవిరి, గ్రీజు పేరుకుని ఉంటాయి. అరగదీయక ముందే డిటర్జెంట్ నీళ్ళతో, తర్వాత అసిటోన్‌తో గుడ్డలు మార్చుకుంటూ తుడవాలి. ముందే శాండింగ్ చేస్తే నూనె నారలోపలికి వెళ్ళి ఏ రెజినూ అంటుకోదు. రంగు తీయడానికి పెయింట్ రిమూవర్ వాడొద్దు, అది ఫైబర్‌ని కూడా తింటుంది. ఓపిగ్గా పేపరుతోనే తీయాలి. రంగు పోయాక రూపాయి బిళ్ళతో బానెట్ అంతా తట్టండి. గట్టి శబ్దం వస్తే పర్వాలేదు. డొల్లగా మోగిన చోట పొరలు విడిపోయాయని గుర్తు, అక్కడ సున్నం ముక్కతో గీసుకోండి.

తర్వాత బానెట్‌ని బండికే బిగించాలి. బల్ల మీద పెట్టి అతికిస్తే బల్లలాగే తయారవుతుంది. హింజ్, తాళం పెట్టి, సందులు సరిచూసి, ఊడిన ముక్కని దాని చోట టేపుతో నిలబెట్టి, కింది నుంచి అక్కడక్కడ చిన్న పట్టీలు వేసి గట్టిపడనివ్వండి. ఆకారం నిలిచాక దించి, ముందు వెనక వైపు, తర్వాత పై వైపు పొరలు వేయండి. ప్రతి పొరా బబుల్ రోలర్‌తో గాలి పోయేదాకా నొక్కాలి. చివర్లో ఒకటి రెండు మిల్లీమీటర్లు సరిచేసుకోవడానికి మాత్రమే పుట్టీ.

ఆ సన్న పగుళ్ళ గురించి. చాలావరకు అవి పైనున్న జెల్‌కోట్ పొరవే. ఆ పొర అర మిల్లీమీటరు దాటి దట్టంగా పడిన చోట, బోల్టు లాగిన చోట వస్తాయి. రంగు కింద పూడ్చేస్తే మళ్ళీ కనబడతాయి. ఆ భాగం గాజు దాకా అరగదీసి, పల్చటి టిష్యూ మ్యాట్ ఒక పొర వేస్తే ఆగుతాయి.

నాగావళి ఒడ్డు

ఈ పద్ధతి తప్పని అనను. కానీ మీరు చెప్పిన కష్టమంతా కలిపితే కొత్త బానెట్ పని కన్నా ఎక్కువే. అంత చేసినా అందులో ఉన్నది పాత రెజినే కదా? ఎండకి, ఇంజన్ వేడికి ఇన్నేళ్ళు మాడిన రెజిన్ మీద కొత్త పాలియెస్టర్ ఎంత గట్టిగా పట్టుకుంటుంది? కొత్త పొరలన్నీ ఒకేసారి, ఒకటి పచ్చిగా ఉండగానే ఇంకోటి పడితే అది ఒకటే ముక్క. అతుకు అతుకే.

ఇవాళ ఒకరికి కావాలి, రేపు ఇంకొకరికి కావాలి. అచ్చు ఉంటే డాల్ఫిన్లు బతుకుతాయి. ఆ మాట మీరు పట్టించుకోలేదు.

చీపురుపల్లి గ్యారేజ్

రెండూ న్యాయమైన ప్రశ్నలే.

పాత పాలియెస్టర్ మీద కొత్త పాలియెస్టర్ పట్టు అంత గొప్పగా ఉండదు, నిజమే. అందుకే అతుకులకి నేను ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ వాడతాను. ఖరీదెక్కువ, కానీ పాత ఫైబర్‌ని గట్టిగా పట్టుకుంటుంది, కుంచించుకోవడం చాలా తక్కువ. ఒక జాగ్రత్త: మామూలు మ్యాట్‌లో నారని కలిపి ఉంచే జిగురు పాలియెస్టర్‌లోని స్టైరీన్‌కి కరిగేలా చేసింది, ఎపాక్సీలో కరగదు. మ్యాట్ మెత్తబడక వంపుల్లో లేచిపోతుంది. ఎపాక్సీకి నేసిన గ్లాస్ క్లాత్ తీసుకోవాలి. ఎపాక్సీ మీద మళ్ళీ పాలియెస్టర్ జెల్‌కోట్ సరిగా పట్టదు, కానీ మనం వేసేది ప్రైమర్, రంగు కాబట్టి ఇబ్బంది లేదు.

అచ్చు ఉంటే బండ్లు బతుకుతాయన్న మాటతో నాకు గొడవ లేదు. ముక్కలుగా పొడైపోయిన బానెట్‌కి అచ్చు తప్ప దారి లేదు. కానీ ఇక్కడ మూల ముక్క కూడా చేతిలో ఉంది. బండితో పాటు పుట్టిన భాగం, దాని వెనక ఆనాటి పనివాళ్ళు పరిచిన మ్యాట్ గుర్తులు ఇంకా కనబడుతుంటాయి. దాన్ని పక్కన పడేసి కొత్తది పెట్టడానికి నాకు మనసొప్పదు. పునరుద్ధరణ అని పేరు పెట్టుకున్నాక, బతికించగలిగిన దాన్ని బతికించాలి.

ముక్కు భాగం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం, అది బాడీలో కలిసి ఉన్నది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధన చదవండి: తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసీ, బాడీ షెల్, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేని బండ్లకే ఆ గుర్తింపు. మీ బండి 2034లో ఆ వయసుకి వస్తుంది. ముక్కు కోసి ఇంకోటి అతికించాలనుకుంటే ఆ సంగతి గుర్తుంచుకోండి. పని మొదలెట్టినప్పటి నుంచి ఫొటోలు తీసి దాచండి.

రేకుపని

బరువు లెక్క దగ్గర నేను తగ్గుతున్నాను. కానీ ఈ మందులు ఇంట్లో కలపడం ప్రమాదం కాదా?

నాగావళి ఒడ్డు

ఈ ఒక్క విషయం అందరూ శ్రద్ధగా చదవండి. పాలియెస్టర్‌కి రెండు మందులు కలుపుతారు: కోబాల్ట్ యాక్సిలరేటర్, హార్డ్‌నర్ అనే పెరాక్సైడ్. ఈ రెండూ నేరుగా ఒకదానితో ఒకటి కలవకూడదు. కలిస్తే భగ్గుమంటుంది, పేలొచ్చు. ముందు కోబాల్ట్‌ని రెజిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే హార్డ్‌నర్. రెండింటికీ ఒకే కొలత గ్లాసు వాడొద్దు. హార్డ్‌నర్ కంట్లో పడితే చూపే పోవచ్చు, కళ్ళద్దాలు తప్పనిసరి. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే స్టైరీన్ వాసన ఆగదు, రసాయన ఆవిర్లకి పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్కే కావాలి. అరగదీసేటప్పుడు గాజు పొడికి ఫుల్ చేతుల చొక్కా, మాస్కు.

కోటగుమ్మం

అందరికీ ధన్యవాదాలు. బానెట్ బాగుచేస్తాను, అతుకులు ఎపాక్సీతో. బెంగళూరు ఆయనకి బానెట్ పంపొద్దని చెప్పాను, తన బండి సందుల కొలతలు, ఫొటోలు మాత్రం అడిగాను. నాగావళి అన్నా, నా బానెట్ పూర్తయి రంగు గట్టిపడ్డాక దాని మీద అచ్చు తీయాలనుకుంటే నేనే మీ ఊరు తెస్తాను. ఒక్క సందేహం: ఇప్పుడు వానలు. ఆగాలా?

నాగావళి ఒడ్డు

తీసుకురండి, మూడు పొరలు దాటనివ్వకుండా దగ్గరుండి చేయిస్తాను. అతుకు మీద నా అనుమానం నాకుంది, వచ్చే ఎండాకాలం దాటాక ఆ చీలిక ఉన్న చోట ఫొటో పెట్టండి.

చీపురుపల్లి గ్యారేజ్

వానల్లో అరగదీయడం, శుభ్రం చేయడం, అమర్చి చూసుకోవడం కానివ్వండి. పొరలు వేసే పని డిసెంబర్, జనవరి నెలలకి పెట్టుకోండి. తేమ గాలిలో గట్టిపడిన ఎపాక్సీ మీద జిడ్డు పొర తేలుతుంది. తేలినా భయం లేదు, నీళ్ళతో, స్క్రబ్బరుతో కడిగి, ఆరాక శాండింగ్ చేసి తర్వాతి పొర వేయాలి. కడగకుండా వేస్తేనే ఊడుతుంది. పనయ్యాక వెంటనే రంగు కొట్టొద్దు. బానెట్‌ని బండికే బిగించి కొన్నాళ్ళు ఎండలో ఉంచండి, తేలాల్సిన నేత గుర్తులన్నీ ప్రైమర్‌కి ముందే తేలతాయి. ముదురు రంగు ఎండకి ఎక్కువ వేడెక్కి అతుకుని బయటపెడుతుంది. మీ బండి అసలు రంగు లేతదైతే అదే వేయండి.