సమస్య: పట్టపగలె రాత్రి పాప యయ్యె

నిర్వాహకులు: ఆటవెలది పద్యానికి నాలుగవ పాదంగా ఈ సమస్యను ఇస్తున్నాను; ముందరి మూడు పాదాలు మీరు రాసి దీనికి అర్థం కుదర్చాలి. 'లైలా' అన్న అరబ్బీ ఆడపిల్ల పేరు ఆధారంగానే పూరించాలి. అరబ్బీలో 'లైల్' అంటే రాత్రి. చంద్రుడు కానరాని చిమ్మచీకటి రాత్రికి వాడే విశేషణం కూడ ఆ ధాతువు నుండే వచ్చింది. మత్తు తలకెక్కడం మొదలయ్యే దశను సైతం 'లైలా' అంటారని పాత అరబ్బీ నిఘంటువులు చెబుతున్నాయి.

మొదటి పూరణ:

అరబు నాట రాత్రి యనెడి యర్థ మొసఁగు
లైల పేరు వినఁగ లలిత మగుట
మిట్టమధ్యవేళఁ బుట్టిన సుత కిడ్రి;
పట్టపగలె రాత్రి పాప యయ్యె.

నిర్వాహకులు: అన్వయం సూటిగా ఉన్నదమ్మా. మూడవ పాదంలో 'మిట్ట', 'బుట్టి' అన్నచోట రెండవ అక్షరాలు కలిసి ప్రాసయతి చక్కగా కుదిరింది. 'సీతా' తెలుగులో 'సీత' అయినట్లే 'లైలా'ను 'లైల' చేయడంలో దోషం లేదు.

రెండవ పూరణ:

లైల యనెడు గాలి లంకె విప్పిన నాడు
కడలి యొడ్డునందుఁ గప్పె మబ్బు;
వెలుఁగు మాసిపోయె విస్తువోయిరి జనుల్;
పట్టపగలె రాత్రి పాప యయ్యె.

నిర్వాహకులు: 2010 మే 20న బాపట్ల వద్ద తీరం దాటిన లైలా తుఫాను, ఆ పేరును పాకిస్తాన్ సూచించిన సంగతి మీకు స్ఫురించడం ముచ్చటగా ఉన్నది. అయితే, అయ్యా, పగలు రాత్రి కావడం వరకే సమర్థించి 'పాప'ను గాలికి వదిలేశారు. సమస్యలోని చిక్కుముడి అంతా ఆ మాటలోనే ఉన్నది కనుక ఈ పూరణను అంగీకరించలేను.

మూడవ పూరణ:

ఖైసు నజ్దునందుఁ గాచె మేకల మున్ను
తోడ నాడు లైల తోడఁ గూడి;
యెండ మండు నిసుక రాత్రి పేరిటి దౌట
పట్టపగలె రాత్రి పాప యయ్యె.

నిర్వాహకులు: పసితనంలో ఇద్దరూ కలిసి జీవాలను మేపారన్న మాట, మజ్నూనుగా ప్రసిద్ధుడైన ఖైసు పేరిట నిలిచిన పద్యాలలోనే ఉన్నది. 1188లో నిజామీ అనే కవి పారసీకంలో కావ్యం రచించడానికి ఎంతో ముందే అరేబియాలోని నజ్దు ఎడారిలో పుట్టిన కథ ఇది. కాని మూడవ పాదంలో పాదం మొదటి అక్షరమైన 'యె'కు నడుమనున్న 'రా'తో పొందిక, అంటే యతి, చెల్లదు. 'నిసుక నిరుల పేరిటి దౌట' అంటే యతి కుదురుతుంది, 'రాత్రి' పునరుక్తి కూడ తొలగుతుంది.

మూడవ పూరణ కర్త: సవరణకు ధన్యవాదాలు, గురువుగారూ. ఒక్క సందేహం ఉన్నది. చీకటి పేరును కన్నబిడ్డకు ఎవరైనా కోరి పెట్టుకుంటారా?

నిర్వాహకులు: మన ఇళ్లలో కృష్ణవేణి, యామిని, రజని లేరా? పైగా పగటి ఎండ ప్రాణం తోడేసే ఎడారిలో రాత్రి అంటే చల్లదనం, ప్రయాణానికి అనువైన వేళ, కూర్చుని కబుర్లు చెప్పుకునే సమయం. రాత్రి కూర్చుని చెప్పుకునే కబుర్లకు అరబ్బీలో 'సమర్' అని ప్రత్యేకంగా ఒక మాటే ఉన్నది. ఇస్లామీ పంచాంగంలో రోజు సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది. వేయి నెలలకన్న మేలైనదని ఖురాన్ చెప్పిన 'లైలతుల్ ఖద్ర్' కూడ రాత్రే.

మొదటి పూరణ కర్త్రి: ఈ పేరు అనగానే అందరం ప్రేయసినే తలుస్తున్నాము. అయితే ఏడవ శతాబ్దిలో లైలా అల్ అఖ్యలియ్యా అనే కవయిత్రి, తాను ప్రేమించిన తౌబా మరణించినప్పుడు అతనిపై స్మృతిగీతాలు తానే రచించింది. మజ్నూను ప్రేమించిన లైలా కవితలో వర్ణింపబడింది. ఈ లైలా కవిత చెప్పింది.

నిర్వాహకులు: ఈ కోణం నాకు తట్టలేదమ్మా. దీనిపై మీరే మరొక పూరణ పంపండి. గడువును ఎల్లుండి సాయంత్రం దాకా పొడిగిస్తున్నాను.