తమ్ముడికి అప్రెంటిస్‌షిప్ మేలా, నేరుగా పనిలో చేరడం మేలా?

ఖమ్మం అక్క:
మా తమ్ముడు ఐటీఐ ఫిట్టర్ పూర్తి చేశాడు. జీడిమెట్లలో ఒక చిన్న మెషిన్ షాపు వారు నెలకు పద్నాలుగు వేలు ఇస్తాం, సోమవారమే రమ్మంటున్నారు. మరోపక్క లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఏడాది అప్రెంటిస్‌గా ఎంపికయ్యాడు. స్టైపెండ్ అందులో సగం కంటే కాస్త ఎక్కువ, హాస్టల్ లేదు. ఇంట్లో అప్పులున్నాయి. రెండేళ్లు చదివాక మళ్లీ శిక్షణ ఏమిటని నాన్న కోపం. వాడేమో ఏ సంగతీ తేల్చడు. తెలిసినవారు చెప్పండి.

పాత ఫోర్‌మన్:
అమ్మా, మీ నాన్నగారి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఐటీఐలో మీవాడు ఆకురాయి పట్టి ఇనుప ముక్కను చదరం చేసి, మూల సరిగా ఉందో చూసే ట్రై స్క్వేర్ ఆనించి సందులోంచి వెలుతురు కనబడుతోందా అని చూసి ఉంటాడు. పాడైతే సారు ఇంకో ముక్క ఇస్తారు. లాలాగూడలో రైలు పెట్టెలను విప్పి, బోగీలు (పెట్టె కింద చక్రాలను పట్టి ఉంచే చట్రాలు), బ్రేకు భాగాలు, చక్రాలు వేరుచేసి బాగుచేస్తారు. అక్కడ బిగించిన ప్రతిదాని మీదా జనం ప్రయాణం చేస్తారు. ఆ భయం, ఆ శ్రద్ధ తరగతి గదిలో రావు. టూల్ రూములో నా దగ్గరికి వచ్చిన కుర్రాళ్లలో ఎవరు ఎక్కడ పని నేర్చారో సన్నని కొలతలు తీసే మైక్రోమీటరు పట్టుకునే తీరులోనే తెలిసిపోయేది.

డబ్బు సంగతి. 2019 నిబంధనల్లో ఐటీఐ చదివినవారికి కనీస స్టైపెండ్ 7000 రూపాయలుగా పెట్టారు. శిక్షణ చివర అఖిల భారత ట్రేడ్ పరీక్ష ఉంటుంది, నెగ్గితే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తారు. రైల్వేలో లెవెల్-1 (అన్నిటికంటే కింది స్థాయి) ఉద్యోగ ఖాళీల్లో 20 శాతం, రైల్వేలోనే అప్రెంటిస్ పూర్తి చేసినవారికి కేటాయిస్తారు. పరీక్ష మాత్రం రాయవలసిందే. ఉద్యోగం తప్పక ఇస్తారని ఎవరైనా అంటే నమ్మకండి. 1961 చట్టం యజమానికి అలాంటి బాధ్యత ఏదీ పెట్టలేదు.

బాలానగర్ షాపు:
ఫోర్‌మన్ గారూ, చిన్న షాపును అంత తేలిగ్గా పక్కన పెట్టకండి. నా దగ్గర కుర్రాడు పొద్దున లేత్ మీద, మధ్యాహ్నం మిల్లింగ్ మీద ఉంటాడు, సాయంత్రం కస్టమరుతో గొడవ కూడా వాడే పడతాడు. పెద్ద ఫ్యాక్టరీల్లో ఏడాదంతా ఒకే డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర నిలబెట్టిన పిల్లల్ని చూశాను.

అక్కగారూ, ఆ జీడిమెట్ల యజమానిని ఒక మాట అడగండి: అప్రెంటిస్‌గా ఒప్పందం రిజిస్టర్ చేస్తారా? ముప్పై మంది, అంతకు మించి ఉన్న సంస్థలకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి, నలుగురున్నా ఇష్టపడి తీసుకోవచ్చు. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంలో స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు గరిష్ఠంగా 1500 ప్రభుత్వమే భరిస్తుంది. కనీసం కంటే ఎక్కువ ఇవ్వడానికి అడ్డేమీ లేదు. సర్టిఫికెట్టూ వస్తుంది, డబ్బూ తగ్గదు.

పాత ఫోర్‌మన్:
మీలాంటి యజమాని దొరికితే నాకూ అభ్యంతరం లేదు. కానీ అప్రెంటిస్‌కు పీఎఫ్ కట్టనక్కర్లేదని లెక్క వేసుకుని, పనివాడి చోట పిల్లవాణ్ణి పెట్టేవారూ ఉన్నారు. అందుకే అమ్మా, ఒప్పందం సంఖ్య అడగండి. నిరుడు చేరిన కుర్రాళ్లు ఇప్పుడెక్కడున్నారో అడగండి. మెషిన్ మీద ఎవరు నేర్పుతారో ఆ మనిషిని చూపించమనండి. "అందరూ నేర్పుతారు" అంటే ఎవరూ నేర్పరు.

ఖమ్మం అక్క:
జీడిమెట్లకు ఫోన్ చేశాను. ఒప్పందం మాట ఎత్తగానే "ముందు పనిలో చేరమనండి, తరువాత చూద్దాం" అన్నారు. తమ్ముడు లాలాగూడకే వెళతానంటున్నాడు. నాన్న ఇంకా మాట్లాడటం లేదు. గది ఎక్కడ చూసుకోవాలి?

బాలానగర్ షాపు:
మెట్టుగూడ వైపు చూడండి, నడిచి వెళ్లవచ్చు. తోటి అప్రెంటిస్‌లు ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటే అద్దె భారం కాదు. సేఫ్టీ బూట్లు అక్కడ ఇస్తారో లేదో ముందే కనుక్కోమనండి.